నెలసరి క్రమం తప్పినప్పుడు: లెక్క రాసుకోవడం నుంచి చికిత్స దాకా

నెలసరి అస్తవ్యస్తమైందని ఆసుపత్రికి వెళ్ళిన స్త్రీకి మన ఊళ్ళలో తరచుగా దొరికేవి మూడు: రక్తం ఆగడానికి మాత్రలు, స్కానింగుకు చీటీ, వయసు నలభైకి దగ్గరపడితే గర్భసంచి తీయించుకోమన్న సలహా. ఒక్కొక్క సందర్భంలో ఈ మూడూ సరైనవే కావచ్చు. అయితే రక్తస్రావం ఎందుకు జరుగుతోందో తేలకముందే వీటిలో దేన్ని మొదలుపెట్టినా, బాధ కొన్నాళ్ళు అణుగుతుందే తప్ప దాని మూలం అలాగే ఉంటుంది. క్రమం తప్పిన రక్తస్రావం ఒక లక్షణం. దాని వెనుక థైరాయిడ్ లోపం ఉండవచ్చు, గర్భసంచిలో చిన్న కండ ఉండవచ్చు, గుర్తించని గర్భం ఉండవచ్చు, అరుదుగా క్యాన్సర్ కూడా ఉండవచ్చు. వీటిలో ఒకదానికి వాడే మందు మరొకదానికి పనికిరాదు.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. మన రెండు రాష్ట్రాల స్త్రీల గర్భసంచులకు మాత్రమే ప్రత్యేకంగా జబ్బులు వస్తాయని నమ్మడానికి కారణమేదీ లేదు. అందుచేత ఈ మార్గదర్శి ముఖ్యంగా ఒక వరసను వివరిస్తుంది: ముందు లెక్క, తర్వాత కారణం, ఆ తర్వాతే మందు, అన్నీ అయ్యాక మాత్రమే కత్తి. ఇది డాక్టరుకు బదులుగా వాడుకునేది కాదు. డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు ఏమి చెప్పాలో, ఏమి అడగాలో తెలియడానికి ఉద్దేశించినది.

ఏది సహజం, ఏది కాదు

నెలసరి అంటే సరిగ్గా 28 రోజులకు రావాలన్న నమ్మకం వల్ల ఏ జబ్బూ లేని స్త్రీలు కూడా ఆందోళన పడుతుంటారు. ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీగో లెక్క ప్రకారం, ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజు వరకు 24 నుంచి 38 రోజుల వ్యవధి ఉంటే అది సహజమే. రక్తస్రావం 8 రోజులలోపు ఆగిపోవాలి. ఒక నెలకూ మరో నెలకూ మధ్య వ్యవధిలో వారం రోజుల దాకా తేడా ఉండవచ్చు. ఇరవై అయిదేళ్ళ లోపువారిలోనూ, నలభై రెండు దాటినవారిలోనూ ఆ తేడా 9 రోజుల దాకా ఉన్నా తప్పు లేదు. ఆడపిల్ల రజస్వల అయిన తొలి రెండు మూడేళ్ళలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా సాధారణంగా కంగారు పడనక్కర్లేదు.

రక్తం పరిమాణం విషయంలో పాత పుస్తకాలు 80 మిల్లీలీటర్లను హద్దుగా చెప్పేవి. ఇంట్లో ఎవరూ కొలవలేని ఆ హద్దును పట్టుకుని కూర్చోవడం కన్నా, ఆ స్రావం మీ పనిని, నిద్రను, బయటికి వెళ్ళడాన్ని అడ్డుకుంటుంటే అది అధిక రక్తస్రావమేనని ఇప్పటి వైద్యం ఒప్పుకుంటోంది. ఇది మంచి మార్పు. “మా అమ్మకూ ఇలాగే అయ్యేది” అని ఏళ్ళ తరబడి ఓర్చుకునే స్త్రీలు ఈ కొలత ప్రకారం చికిత్సకు అర్హులే.

ఇక క్రమం ఎందుకు తప్పుతుందో కొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే చికిత్స అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. నెలసరి అయిన తర్వాత అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. నెల మధ్యలో అండం విడుదలైతే, అది విడుదలైన చోటు నుంచి ప్రొజెస్టిరాన్ తయారై, పెరిగిన పొరను గట్టిపరిచి నిలబెడుతుంది. గర్భం రాకపోతే దాదాపు రెండు వారాలకు ఆ ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. అప్పుడు పొర అంతా ఒకేసారి ఊడి, కొద్ది రోజుల్లో రక్తస్రావం ఆగిపోతుంది. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టిరాన్ ఉండదు. పొర పెరుగుతూనే పోయి, నిలబడలేక, వానకు నానిన మట్టిగోడలా ఒక్కో చోట పెచ్చులూడుతుంది. అందుకే రెండు నెలలు ఏమీ కనిపించకుండా ఉండి, తర్వాత ఇరవై రోజుల పాటు ఆగకుండా కావడం, మధ్య మధ్యలో మరకలు పడడం జరుగుతుంది. రజస్వల అయిన కొత్తలోనూ, పీసీఓఎస్ అనే హార్మోన్ల అవ్యవస్థ ఉన్నవారిలోనూ, ముట్లుడిగే వయసుకు ముందూ కనిపించే అవకతవకలకు చాలామటుకు ఇదే కారణం.

మొదటి మెట్టు: మూడు నెలల లెక్క

అత్యవసరం కానప్పుడు, డాక్టరు దగ్గరకు వెళ్ళేలోపు చేయగలిగిన అత్యంత విలువైన పని లెక్క రాయడం. ఫోనులోని యాప్ అయినా, గోడకు వేలాడే క్యాలెండర్ అయినా సరిపోతుంది. చాలామంది నెలసరి ముగిసిన రోజు నుంచి తర్వాతి నెలసరి మొదలయ్యే రోజు దాకా లెక్కించి, “పదిహేను రోజులకే మళ్ళీ వచ్చింది” అంటారు; ఏడు రోజులు అయ్యేవారి విషయంలో అది నిజానికి 22 రోజుల వ్యవధి. అందువల్ల ఎప్పుడూ మొదటి రోజు నుంచి మొదటి రోజుకే లెక్కించాలి. ఎర్రగా, ప్యాడ్ అవసరమయ్యేంతగా కనిపించిన రోజే మొదటి రోజు. అంతకు ముందు పడిన మరకలను వేరే గుర్తుతో రాయాలి.

రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారన్నది ఒక్కటే రాస్తే చాలదు, శుభ్రత కోసం మార్చినవేవో, పూర్తిగా తడిసి మార్చినవేవో వేరుగా గుర్తించాలి. గుడ్డ వాడేవారు ఎన్నిసార్లు పూర్తిగా తడిసిందో రాసుకోవచ్చు. నెలసరి కప్పు వాడేవారికి మరో సౌకర్యం ఉంది, ఎన్ని మిల్లీలీటర్లో నేరుగా చూసి రాయవచ్చు. గడ్డలు పడుతుంటే వాటి పరిమాణం రాయాలి. రూపాయి నాణెం కన్నా పెద్ద గడ్డలు తరచుగా పడడం అధిక స్రావానికి గుర్తు. రాత్రి ప్యాడ్ మార్చడానికి లేవవలసి రావడం, పక్కబట్టలు పాడవడం, రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకోవలసి రావడం కూడా అదే కోవలోకి వస్తాయి. కలయిక తర్వాత రక్తం కనిపిస్తే దాన్ని తప్పకుండా రాయాలి, సిగ్గుపడి డాక్టరుకు చెప్పకుండా వదిలేయకూడదు. గర్భాశయ ముఖద్వారంలోని లోపాన్ని పట్టించే ఆనవాలు అది.

వాడిన మందులన్నిటినీ అదే కాగితం మీద రాయాలి. వ్రతానికో, పెళ్ళికో, తిరుమల ప్రయాణానికో నెలసరి వాయిదా పడాలని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రలు సాధారణంగా నారెథిస్టిరాన్ అనే హార్మోను. అవి ఆపిన రెండు మూడు రోజులకు రక్తస్రావం వస్తుంది, ఒక్కోసారి మామూలు కన్నా ఎక్కువగా వస్తుంది. ఏడాదిలో నాలుగైదుసార్లు ఇలా వాయిదా వేసుకుని, తర్వాత క్రమం తప్పిందని స్కానింగుకు పరుగెత్తేవారు తక్కువమంది కాదు. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్న నెలలోనూ తేదీలు అటూ ఇటూ అవుతాయి. రక్తాన్ని పలుచన చేసే మందులు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు, గర్భనిరోధక ఇంజెక్షన్లు, కాపర్-టి కూడా ఈ జాబితాలో ఉండాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే అంతరా ఇంజెక్షన్ మూడు నెలలకొకసారి తీసుకునేది. మొదటి కొన్ని నెలల్లో మరకలు పడడం, తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోవడం దాని స్వభావంలోనే ఉంది. ఛాయా గర్భనిరోధక మాత్రలతో నెలసరి ఆలస్యం కావచ్చు. కాపర్-టి వేయించుకున్న తొలి నెలల్లో స్రావం ఎక్కువగా ఉండడం మామూలే.

బొప్పాయి, నువ్వులు, బెల్లం తిని వేడి చేయడం వల్ల ఇలా అయిందనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఒక నెల ఆహారం వల్ల నెలసరి అవ్యవస్థ కాదు. ఆ అనుమానంతో మంచి ఆహారం మానేసి రక్తహీనతను పెంచుకోవడం మాత్రం జరుగుతుంది.

రెండో మెట్టు: లెక్క కోసం ఆగకూడని సందర్భాలు

వరుసగా రెండు గంటలకు పైగా గంటకొక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే, నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే, గుండె దడ, ఆయాసం ఉంటే ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి. గర్భం వచ్చే అవకాశం ఉన్న స్త్రీకి పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పితో పాటు రక్తం కనిపిస్తే, గర్భం గర్భసంచి బయట, ట్యూబులో నిలిచి ఉండవచ్చు. అది పగిలితే లోపలే రక్తం పోతుంది కనుక బయటికి కనిపించే రక్తం కొద్దిగానే ఉన్నా ప్రాణాపాయం ఉంటుంది. జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, ముఖ్యంగా కాన్పు లేక గర్భస్రావం తర్వాత, వాయిదా వేయదగినవి కావు. ముట్లుడిగి పన్నెండు నెలలు గడిచిన తర్వాత ఒక్క మరక కనిపించినా అది పరీక్ష చేయించవలసినదే. అత్యవసర విభాగానికి పరుగెత్తనక్కర్లేదు గానీ, కొద్ది రోజుల్లోనే స్త్రీవ్యాధుల డాక్టరుకు చూపించాలి.

మూడో మెట్టు: గర్భం కాదని తేల్చుకోవడం

పునరుత్పత్తి వయసులో ఉన్న ఏ స్త్రీకైనా మొదటి పరీక్ష గర్భ పరీక్షే. “నెల తప్పలేదు, రక్తం అవుతూనే ఉంది, గర్భం ఎలా ఉంటుంది?” అన్నది సాధారణమైన ప్రశ్న. గర్భస్రావం కాబోతున్నప్పుడు, ట్యూబులో గర్భం ఉన్నప్పుడు, పిండం సరిగా ఏర్పడకుండా బుడగల గుత్తిలా పెరిగే ముత్యాల గర్భంలో కూడా రక్తం కనిపిస్తుంది, దాన్నే నెలసరి అనుకుంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పెళ్ళైన స్త్రీలలో సగానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే కనుక, “నాకు ఆపరేషన్ అయింది, ఆ పరీక్ష అక్కర్లేదు” అనే మాట ఇక్కడ చాలా ఎక్కువ. ఆ ఆపరేషన్ విఫలం కావడం అరుదు. కానీ విఫలమైనప్పుడు వచ్చే గర్భం ట్యూబులో నిలిచే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ. మందుల దుకాణంలో దొరికే మూత్ర పరీక్ష కిట్‌తో ఈ అనుమానాన్ని నిమిషాల్లో తీర్చుకోవచ్చు, ఫలితం మీద సందేహం ఉంటే రక్తంలో గర్భ హార్మోను అయిన హెచ్‌సీజీ పరీక్ష చేయిస్తారు.

నాలుగో మెట్టు: వయసును బట్టి కారణాన్ని వెతకడం

ఫీగో 2011లో రక్తస్రావానికి గల కారణాలన్నిటినీ తొమ్మిది వర్గాలుగా విభజించింది. నాలుగు కంటికో స్కానింగుకో కనిపించేవి: పాలిప్, అంటే లోపలి పొర నుంచి వేలాడే చిన్న కండ, లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్, గర్భసంచి కండరంలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డలు, క్యాన్సర్, దానికి ముందు దశలు. మిగిలినవి కనిపించనివి: రక్తం గడ్డకట్టడంలో లోపం, అండం విడుదలలో లోపం, లోపలి పొరలోనే ఉన్న లోపం, మందులూ పరికరాల వల్ల వచ్చేది, వీటిలో దేనికీ చెందనిది. అన్ని కారణాలూ అన్ని వయసుల్లో సమానంగా ఉండవు గనుక, వయసే డాక్టరుకు మొదటి దారి చూపిస్తుంది.

రజస్వల అయిన కొత్తలో అవ్యవస్థ చాలామటుకు అండం విడుదల స్థిరపడకపోవడం వల్లే వస్తుంది. కానీ మొదటి నెలసరి నుంచే విపరీతంగా పోతూ, రక్తం ఎక్కించవలసినంత దాకా వెళితే దాన్ని వయసు మీదికి నెట్టకూడదు. చిగుళ్ళ నుంచి రక్తం, ముక్కు నుంచి తరచుగా రక్తం, చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోవడం, పన్ను తీసినప్పుడు ఆగకుండా రక్తం కారడం, తల్లికో అక్కకో ఇలాంటి చరిత్ర ఉండడం — వీటిలో ఏదైనా ఉంటే వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి వంటి రక్తం గడ్డకట్టే లోపాలనూ, ప్లేట్‌లెట్ల లోపాన్నీ వెతకాలి. అటువంటి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య గర్భం, గర్భనిరోధకాలు, థైరాయిడ్, పీసీఓఎస్, ఫైబ్రాయిడ్లు, పాలిప్‌లు, జననాంగాల ఇన్ఫెక్షన్లు ప్రధాన కారణాలు. పీసీఓఎస్ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. నెలసరి అవ్యవస్థ; మొహం మీద అవాంఛిత రోమాలు, మొటిమలు లేదా రక్తంలో పురుష హార్మోన్లు ఎక్కువగా ఉండడం; స్కానింగులో అండాశయాల్లో చిన్న చిన్న బుడగలు — ఈ మూడింటిలో రెండు ఉండి, థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని తేలితేనే దాన్ని పీసీఓఎస్ అనాలి. స్కానింగు చీటీలో ఆ మాట ఒక్కటి చూసి పదిహేనేళ్ళ పిల్లకు ఆ ముద్ర వేయడం సరికాదు, ఆ వయసులో అండాశయాలు అలా కనిపించడం మామూలే.

నలభై దాటాక అండం విడుదల కాని నెలలు పెరుగుతాయి. భారతీయ స్త్రీలకు సగటున 46–47 ఏళ్ళకు ముట్లుడుగుతాయి కనుక, అంతకు ముందు నాలుగైదేళ్ళు వ్యవధి మారుతూ ఉండడం సహజమే. అయితే వ్యవధి మారడం వేరు, విపరీతంగా పోవడం, మధ్యలో మరకలు పడడం వేరు. లోపలి పొర అతిగా పెరిగే హైపర్‌ప్లేసియా, గర్భసంచి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఈ వయసు నుంచే ఎక్కువవుతాయి. స్థూలకాయం, చక్కెర వ్యాధి, ఏళ్ళ తరబడి పీసీఓఎస్ ఉన్నవారిలో గర్భసంచి క్యాన్సర్ ముప్పు అధికం. ముట్లుడిగిన తర్వాత రక్తం కనిపించినవారిలో పదిమందిలో సుమారు ఒకరికి గర్భసంచి క్యాన్సర్ ఉంటుంది. మిగతా తొమ్మిదిమందికి పొర పలచబడి పొడిబారడం, పాలిప్ వంటి కారణాలుంటాయి. ఆ ఒక్కరు ఎవరో పరీక్ష చేయకుండా చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఐదో మెట్టు: ఏ పరీక్ష ఎందుకు

మంచి డాక్టరు స్కానింగు చీటీ రాయకముందు మీ లెక్క చూస్తారు, బరువు, రక్తపోటు, మెడ దగ్గర థైరాయిడ్ పరిశీలిస్తారు, పొట్ట నొక్కి చూస్తారు, పెళ్ళైనవారిలో యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ అనే పరికరంతో గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో చూస్తారు. ముఖద్వారం దగ్గరి పాలిప్‌నూ, తొలిదశ దాటిన పుండునూ స్కానింగు పట్టించలేదు, ఈ పరీక్ష పట్టిస్తుంది. లోపలి పరీక్ష జరగకుండానే ఆపరేషన్ మాట వచ్చిందంటే మరో డాక్టరును కలవడానికి ఆ ఒక్క కారణం చాలు. కలయిక జరగని అమ్మాయిలకు ఈ పరీక్ష చేయరు, వారికి పొట్ట మీది నుంచి చేసే స్కానింగే చేస్తారు.

రక్త పరీక్షల్లో హిమోగ్లోబిన్‌తో కూడిన పూర్తి రక్తకణాల లెక్క అందరికీ అవసరం. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఐరన్ నిల్వల కోసం ఫెరిటిన్ ఉపయోగపడతాయి. గర్భం లేకుండానే రొమ్ముల నుంచి పాలు వస్తున్నా, నెలల తరబడి నెలసరి రాకపోయినా పాల తయారీకి కారణమయ్యే ప్రొలాక్టిన్ హార్మోను చూస్తారు. ఇంతకు మించి పెద్ద హార్మోను ప్యాకేజీలు అందరికీ అక్కర్లేదు.

స్కానింగుల్లో యోని ద్వారా చేసే లోపలి స్కానింగు స్పష్టమైనది. దానికి మూత్రసంచి ఖాళీగా ఉండాలి, పొట్ట మీది నుంచి చేసేదానికి నిండుగా ఉండాలి. నెలసరి ఆగిన వెంటనే, పొర పలచగా ఉన్న రోజుల్లో చేయిస్తే పాలిప్‌లు తేలిగ్గా కనిపిస్తాయి. ముట్లుడిగాక రక్తం కనిపించినవారిలో పొర మందం 4 మిల్లీమీటర్లు మించితే ముక్క పరీక్ష, అంటే పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం, చేయాలి. నెలసరి వస్తున్నవారికి ఆ హద్దు వర్తించదు, ఎందుకంటే నెల చివరి రోజుల్లో 12, 14 మిల్లీమీటర్లు ఉండడం కూడా సహజమే. ఈ తేడా తెలియక ఆ అంకెను చూసి హడలిపోయేవారున్నారు.

స్కానింగు చీటీని చదివే పద్ధతి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఆపరేషన్లకు దారి తీసేది చాలాసార్లు అదే కాగితం. గర్భసంచి కొద్దిగా పెద్దదిగా ఉందన్న వాక్యం కాన్పులైన స్త్రీలలో చాలామంది చీటీల్లో ఉంటుంది, అది జబ్బు కాదు. గర్భసంచి బయటి గోడ మీద రెండు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉన్నంత మాత్రాన రక్తస్రావం దాని వల్లే అని చెప్పలేం. లోపలి పొరను నొక్కే గడ్డ చిన్నదైనా ఎక్కువ రక్తం పోనిస్తుంది, బయటికి పెరిగే గడ్డ పెద్దదైనా తరచుగా ఊరుకుంటుంది. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. అండాశయంలో నీటి బుడగ ఉంటే చాలాసార్లు రెండు మూడు నెలల్లో దానంతట అదే పోతుంది. “గర్భసంచికి పుండు అయింది, తెల్లబట్ట అవుతోంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది” అని భయపెట్టే సందర్భాల్లో, ఆ పుండు అనేది తరచుగా ముఖద్వారం లోపలి ఎర్రటి పొర బయటికి కనిపించడమే. దానికి ముఖద్వారం కణాలను పరిశీలించే ప్యాప్ స్మియర్‌ లేదా ఆ క్యాన్సర్‌ను కలిగించే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష చేసి క్యాన్సర్ లక్షణాలు లేవని తేల్చుకోవాలి తప్ప, గర్భసంచి తీయనక్కర్లేదు.

నలభై అయిదు దాటినవారికి అసాధారణ రక్తస్రావం ఉంటే, అంతకన్నా చిన్నవారికి స్థూలకాయమో పీసీఓఎస్సో ఉన్నా, మందులకు లొంగకపోయినా లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. సన్నని గొట్టంతో డాక్టరు గదిలోనే మత్తు లేకుండా ఈ ముక్క తీయవచ్చు. కెమెరాతో లోపలికి చూసే హిస్టెరోస్కోపీలో పాలిప్ కనిపిస్తే అక్కడికక్కడే తీసేయవచ్చు. గర్భసంచి లోపలి పొరను గీకి తీసే డి అండ్ సి గురించి ఒక అపోహ ఉంది: “శుభ్రం చేస్తే” నెలసరి కుదురుతుందని. అది ప్రధానంగా కారణం తెలుసుకోవడానికీ, విపరీతంగా పోతున్న రక్తాన్ని తాత్కాలికంగా ఆపడానికీ చేసేది. అండం విడుదల లోపం అలాగే ఉంటే మరుసటి నెలల్లో సమస్య మళ్ళీ వస్తుంది.

ఆరో మెట్టు: చికిత్స

చికిత్సలో మూడు పనులు ఉంటాయి: పోతున్న రక్తాన్ని ఆపడం, పోయిన రక్తాన్ని తిరిగి నింపడం, మళ్ళీ పోకుండా కారణాన్ని సరిచేయడం. మొదటిది అయ్యాక మిగతా రెండూ మరిచిపోవడమే మనకు అలవాటు.

రక్తం తగ్గించడానికి హార్మోను లేని మందుల్లో ట్రానెగ్జామిక్ యాసిడ్ ముఖ్యమైనది. సాధారణంగా ఒక గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, స్రావం ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రమే, అయిదు రోజులకు మించకుండా ఇస్తారు. ఇది నెలసరి తేదీలను సరిచేయదు, పరిమాణాన్ని మాత్రమే తగ్గిస్తుంది. కాళ్ళ నరాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గతంలో రక్తం గడ్డకట్టినవారు దీన్ని వాడకూడదు. నొప్పి కూడా ఉన్నవారికి మెఫెనమిక్ యాసిడ్ ఉపయోగపడుతుంది. దాన్ని ఆహారం తర్వాతే వేసుకోవాలి, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, కొన్ని రకాల ఆస్తమా ఉన్నవారు దూరంగా ఉండాలి.

అండం విడుదల కాకపోవడమే కారణమైతే లోపించిన ప్రొజెస్టిరాన్‌ను బయటి నుంచి అందించాలి. డాక్టరు చెప్పిన ప్రకారం నెలకు 10 నుంచి 14 రోజులు ఈ మాత్రలు వాడతారు. ఆపిన కొద్ది రోజులకు రక్తస్రావం రావాలి, అది మందు పనిచేసిందనడానికి గుర్తు. ఈ విషయం ముందుగా చెప్పకపోవడం వల్ల, “మాత్రలు ఆపగానే మళ్ళీ మొదలైంది” అని భయపడి మరో డాక్టరు దగ్గర మరో కోర్సు మొదలుపెట్టేవారు చాలామంది. గర్భం వద్దనుకునే స్త్రీలకు గర్భనిరోధక మాత్రలు క్రమాన్నీ పరిమాణాన్నీ రెండింటినీ సరిచేస్తాయి. కనీసం మూడు నెలలు వాడితే గానీ వాటి ఫలితం తెలియదు, మధ్యలో ఒకటి రెండు మాత్రలు మరిచిపోతే ఆ కారణంగానే మరకలు పడతాయి. ముప్పై అయిదు దాటి పొగతాగేవారు, అధిక రక్తపోటు ఉన్నవారు, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారు, గతంలో రక్తం గడ్డకట్టినవారు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడకూడదు. అందుకే ఈ మాత్రలను పక్కింటివారి చీటీ చూసి కొనకూడదు.

పీసీఓఎస్‌లో నెలసరి నెలనెలా రావాలన్న పట్టుదల అక్కర్లేదు కానీ, మూడు నెలలకొకసారైనా పొర ఊడిపోవాలి. లేకపోతే అది పెరుగుతూ పోయి హైపర్‌ప్లేసియాకు దారి తీస్తుంది. బరువు ఎక్కువ ఉన్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల తిరిగి మొదలవుతుంది. థైరాయిడ్ లోపం ఉంటే పరగడుపున వేసుకునే మాత్రతో కొన్ని నెలల్లో నెలసరి దానంతట అదే కుదురుకోవచ్చు, హార్మోను మందులు అసలు అవసరం పడకపోవచ్చు.

అధిక స్రావంతో ఏళ్ళ తరబడి బాధపడుతూ, ఇప్పట్లో పిల్లలు వద్దనుకునేవారి విషయంలో నా ఉద్దేశంలో మన దగ్గర అన్నిటికన్నా తక్కువగా వాడుతున్న మంచి చికిత్స హార్మోను లూప్. 52 మిల్లీగ్రాముల లెవొనార్జెస్ట్రెల్ ఉన్న ఈ చిన్న పరికరాన్ని గర్భసంచిలో అమరిస్తే, అది అయిదేళ్ళకు పైగా పొరను పలచగా ఉంచుతుంది. చాలామందిలో స్రావం 90 శాతం దాకా తగ్గుతుంది. దీన్ని కాపర్-టి అని పొరబడి, “లూప్ వేస్తే రక్తం ఎక్కువవుతుంది కదా” అని వద్దనుకుంటారు. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మరకలు పడుతూనే ఉంటాయి. ఆ నెలలు ఓపిక పట్టలేక తీయించేసుకుంటే పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. కణాల్లో చెడు మార్పులు లేని హైపర్‌ప్లేసియాకు కూడా ఇదే మొదటి చికిత్స. ఆరు నెలల తర్వాత మళ్ళీ ముక్క పరీక్ష చేసి పొర సర్దుకుందో లేదో చూడాలి.

గర్భసంచిలో కనిపించే లోపాలకు ఆ లోపాన్ని మాత్రమే తీసే మార్గాలున్నాయి. పాలిప్‌నూ, లోపలికి పొడుచుకువచ్చిన ఫైబ్రాయిడ్‌నూ హిస్టెరోస్కోపీతో తీస్తారు. పిల్లలు కావాలనుకునేవారికి గర్భసంచి ఉంచి గడ్డలను మాత్రమే తీసే మయోమెక్టమీ ఉంది. గడ్డకు రక్తం అందించే ధమనులను మూసివేసే పద్ధతి పెద్ద నగరాల ఆసుపత్రుల్లో దొరుకుతుంది.

పోయిన రక్తాన్ని నింపే పని దగ్గరికి వస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. గర్భవతులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 8కి తగ్గితే అది తీవ్రమైనది. ఐరన్ మాత్రను టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు, నిమ్మరసంతో తీసుకుంటే బాగా వంటబడుతుంది. మలం నల్లగా రావడం మామూలే. వికారం పెట్టేవారికి రోజు విడిచి రోజు వేసుకోమని చెబుతారు, దానివల్ల ఫలితం పెద్దగా తగ్గదు. హిమోగ్లోబిన్ సరైన స్థాయికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు కొనసాగించాలి. మాత్రలు సరిపడనివారికి, తీవ్రంగా తగ్గినవారికి నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. మునగాకు, తోటకూర, బెల్లం తినడం మంచిదే, కానీ 7 గ్రాములున్న హిమోగ్లోబిన్‌ను అవి 12కి తీసుకురాలేవు.

ఏడో మెట్టు: గర్భసంచి తీయాలన్నప్పుడు

గర్భసంచి తొలగించడం కొందరికి నిజంగా అవసరం. క్యాన్సర్, కణాల్లో చెడు మార్పులున్న హైపర్‌ప్లేసియా, పక్క అవయవాలను నొక్కేంత పెద్ద గడ్డలు, మందులూ లూప్ తగినంత కాలం వాడినా తగ్గని రక్తస్రావం అలాంటివి. ఆ స్త్రీలు భయంతో వాయిదా వేయడమూ తప్పే. కానీ మిగతావారు సంతకం పెట్టే ముందు డాక్టరును నాలుగు విషయాలు అడగాలి: నా రక్తస్రావానికి మీరు నిర్ధారించిన కారణం ఏది, ముక్క పరీక్ష ఫలితం ఏమని వచ్చింది, ఆపరేషన్ కాని ఏయే మార్గాలు ప్రయత్నించాం, అండాశయాలు ఉంచుతారా తీస్తారా.

ఆఖరి ప్రశ్నను చాలామంది అడగరు, తమ అండాశయాలు ఉన్నాయో లేవో ఏళ్ళ తర్వాత కూడా వారికి తెలియదు. నలభై అయిదు లోపు రెండు అండాశయాలూ తీస్తే మరుసటి రోజు నుంచే ముట్లుడిగినట్లు అవుతుంది. ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేమితో పాటు ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతాయి. అలా తీయవలసి వచ్చినవారికి, వద్దనడానికి ప్రత్యేక కారణం లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోను చికిత్స ఇవ్వాలి. అండాశయాలు ఉంచినా అవి కొంత ముందుగా పనిచేయడం మానేయవచ్చు కనుక, ముప్పై అయిదేళ్ళకు ఈ ఆపరేషన్ చేయించుకోవడం చిన్న విషయం కాదు.

అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయి నుంచి పర్యవేక్షణ కమిటీలు ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ సలహా మీద సందేహం ఉంటే, స్కానింగు చీటీ, రక్త పరీక్షలు, ముక్క పరీక్ష ఫలితం వెంట తీసుకుని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని స్త్రీవ్యాధుల విభాగంలో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. కత్తెరలు సిద్ధం చేసుకుని మరీ తొందరపెట్టేంత అత్యవసరం ఈ విషయంలో చాలా అరుదు; వారం రోజులు ఆగితే ప్రమాదమని ఎవరైనా అంటే, ఆ ప్రమాదం ఏమిటో చీటీ మీద రాయించుకోవాలి.

చికిత్స మొదలయ్యాక

లెక్క రాయడం ఆపకూడదు. ఏ మందైనా మూడు నెలసరుల తర్వాతే పని చేసిందో లేదో తెలుస్తుంది, పాత మూడు నెలల కాగితం పక్కన కొత్త మూడు నెలల కాగితం పెడితే డాక్టరుకు వేరే వివరణ అక్కర్లేదు. తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు నెల రోజులకు హిమోగ్లోబిన్ మళ్ళీ చూపించుకోవాలి; ఐరన్ సరిగా వాడుతున్నా ఒక గ్రాము కూడా పెరగకపోతే రక్తం ఇంకా పోతోందనో, ఐరన్ వంటబట్టడం లేదనో అర్థం. నెలసరి కుదురుకున్నా కలయిక తర్వాత రక్తం కనిపిస్తుంటే ముఖద్వారాన్ని మళ్ళీ చూపించుకోవాలి. ముప్పై దాటిన స్త్రీలకు ముఖద్వార క్యాన్సర్ ముందస్తు పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అయిదేళ్ళకొకసారి చేసే ఏర్పాటు ఉంది. నెలసరి బాగుందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా దాన్ని చేయించుకోవాలి, ఎక్కడ ఏ రోజు చేస్తారో ఊళ్ళోని ఏఎన్‌ఎంను గానీ ఆశా కార్యకర్తను గానీ అడిగితే చెబుతారు.